వినికిడి పరీక్షకు కుక్క వచ్చిన రోజు

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం చేసేవాణ్ణి ఆడియాలజిస్ట్ అంటారు. మా వీధిలో వాళ్లు మాత్రం చివరిదాకా "చెవుల డాక్టరు" అనే పిలిచారు. నేను డాక్టరును కానని కొన్నాళ్లు చెప్పి చూశాను, తరవాత మానేశాను. చదువుకునే రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటుంది. ఈ మధ్య వాటన్నిటినీ అటక మీది నుంచి దించి, దుమ్ము దులిపి, ఏళ్ల వరసలో పేర్చాను. "ఇవన్నీ ఎవురికి?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా ఇది రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. అది నాకే గుర్తులేదు. చెవిటి బిడ్డకు ఆపరేషన్ చేసి కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి మిషను పెట్టాలా వద్దా అని తేల్చేటప్పుడు నిజంగా ఏం జరుగుతుందో, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు చెప్పాలని ఉంది. మీ పుస్తకాల్లో ఆ నిర్ణయానికి ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీలో కుక్క ఉండదు.

ఇంటి పరీక్షలు

మీ దగ్గరికి వచ్చేవాళ్లు "మా పిల్లకు వినపడదు" అంటూ వస్తారనుకోకండి. చాలామంది వినపడుతుందని చెప్పడానికే వస్తారు. మన దగ్గరికి వచ్చేలోపు ఇంట్లో పరీక్షలన్నీ అయిపోయి ఉంటాయి. స్టీలు పళ్లాలు కింద పడేస్తారు. కుక్కరు విజిల్ వేసేదాకా పిల్లను ఎత్తుకుని పొయ్యి దగ్గర నిలబడతారు. దీపావళి దాకా ఆగలేక టపాకాయలు తెచ్చి వీపు వెనక కాలుస్తారు. ఒక మేనమామ పెళ్లిమేళంలో డోలు వాయించే మనిషిని పిలుచుకొచ్చి ఉయ్యాల పక్కన కూర్చోబెట్టాడు. పిల్లవాడు లేవలేదు. మధ్యాహ్నం నిద్ర తీస్తున్న వీధంతా లేచింది.

పాకాలలో రైలు పట్టాల పక్కనే ఇల్లున్న ఒకాయన కొడుకును తీసుకొచ్చాడు. "రైలొస్తే సాలు సార్, గిర్రున తిరిగి సూస్తాడు. మాకంటే ముందు వానికే తెలుస్తాది" అన్నాడు.

నిజమే. రైలు కనపడకముందే ఆ ఇంట్లో గోడ, మంచం, నీళ్ల బిందె అన్నీ వణుకుతాయి. "వాళ్లమ్మ పిలిస్తే తిరుగుతాడా?" అని అడిగాను.

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఆయమ్మ పిలిస్తే నేనే తిరగను సార్. వాడేం తిరుగుతాడు?"

నవ్వొచ్చినా మీరు అక్కడ నవ్వకూడదు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కళ్లతో చూసిందే చెబుతున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. కొందరు పిల్లల్లో చెవి బాగానే ఉండి నరం సరిగ్గా పనిచెయ్యదు. వాళ్లకు ఒక రోజు విన్నది ఇంకో రోజు వినపడదు. ఇంప్లాంటు పెడితే చెవిలో మిగిలిన కొద్దిపాటి వినికిడి పోవచ్చు. కాబట్టి ఇంట్లో వాళ్లు "వింటుంది" అన్నప్పుడు, అది ఎందుకు అంటున్నారో తేలేదాకా కొట్టిపారెయ్యకూడదు.

పెద్ద డాక్టరు, కొళాయి

మా విభాగానికి పెద్ద డాక్టర్ ప్రభాకర్‌గారు. ఆయన చేతిలో గొప్ప పనితనం ఉండేది. ఆపరేషన్ చేసేటప్పుడు చూస్తే, గాజుల అంగట్లో గాజులు ఎక్కించే ఆవిడ గుర్తొచ్చేది. అంత మెత్తగా చేసేవాడు. కానీ చెవి అంటే ఆయనకు కొళాయి. "లోపల పైపు ఉందా? ఉంది. నరం ఉందా? ఉంది. మరింకేమయ్యా ఆలోచన? బిగించి తిప్పుదాం" అనేవాడు.

ఇది కొళాయి కాదు. ఒక భాగాన్ని చెవి వెనక చర్మం కింద పెడతారు. దాని తీగ లోపలి చెవిలోకి వెళ్తుంది. బయట ఇంకో మిషను చెవికి తగిలించుకోవాలి. దానికున్న బిళ్ల అయస్కాంతంతో తలకు అతుక్కుంటుంది. కళ్లద్దాలు పెట్టుకోగానే అక్షరాలు కనపడినట్టు ఇది పెట్టుకోగానే మాటలు వినపడవు. మొదట వినపడేది వట్టి చప్పుడే. ఆ చప్పుడు మాటగా మారాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఆ బిడ్డతో రోజూ, ఏళ్లతరబడి, విసుగు లేకుండా మాట్లాడాలి. అలా మాట్లాడే మనిషి లేని ఇంట్లో పెట్టిన మిషన్లు బీరువాలో చీరల మధ్య పడుండటం నేను చూశాను.

అందరికీ అది కావాలని కూడా లేదు. శ్రీకాళహస్తి నుంచి ఒక తల్లి ఎదిగిన పిల్లను తీసుకొచ్చింది. ఆ పిల్ల బధిరుల బడిలో చదువుతూ, సైగలతో ధారాళంగా మాట్లాడుతూ, ఇంటి దగ్గర కలంకారీ గుడ్డలకు రంగులు వేసేది. ఆ వయసులో పెడితే వచ్చే లాభం తక్కువ. అయినా ప్రభాకర్‌గారు "బిగిద్దాం" అన్నాడు. నేను బడి టీచరమ్మను పిలిపించి ఆ పిల్లనే అడిగించాను. పిల్ల గబగబా సైగలు చేసింది. టీచరమ్మ మొహమాటపడుతూ తెలుగులో చెప్పింది: "మీరు ముగ్గురూ ఇందాకటి నించి నోళ్లు ఆడిస్తా ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారంట. ఇనపడినంత మాత్రాన మీకు ఒరిగిందేమిటని అడుగుతా ఉంది సార్."

ఆ పిల్లకు ఇంప్లాంటు పెట్టలేదు. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

తాత, తల్లి, హేమ

ఇప్పుడు అసలు సంగతి. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో ఉండే మునిరత్నం అనే పెద్దాయన, ఆయన కూతురు సుకన్య, సుకన్య బిడ్డ హేమ. హేమకు ఇంకా మూడేళ్లు నిండలేదు. సుకన్య భర్త లారీ మీద మద్రాసుకు, బెంగుళూరుకు తిరుగుతుంటాడు. సుకన్య మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోతుంది. పగలంతా హేమ తోటలో తాత దగ్గరే ఉంటుంది.

"పాపకు ఇనపడదు సార్" అంది సుకన్య.

"ఇనపడతాది" అన్నాడు మునిరత్నం.

"మాటలు రాలేదు నాయనా!"

"మాటలు రాకపోతే సెవుడా? మీయమ్మ పెళ్లయిన ఏడాది దాకా నాతో మాట్లాడలేదు."

కిందటేడు వాళ్ల ఊళ్లో ఎవరో శిబిరం పెట్టి "వినికిడి బాగుంది" అని చీటీ రాసిచ్చారు. మునిరత్నం దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చాడు. నేను పరీక్ష చేశాను. శబ్దాలు బయటికి పోకుండా, బయటివి లోపలికి రాకుండా కట్టిన మందపాటి తలుపుల గది అది. అందులో ఎంత పెద్ద చప్పుడు పెట్టినా హేమ తిరగలేదు. గోడ మీది ఏనుగు బొమ్మతో ఏదో ఆలోచన పంచుకుంటున్నట్టు కూర్చుంది.

"ఆ గదిలో ఎవురికి ఇనపడతాది సామీ?" అన్నాడు మునిరత్నం. "తలుపేస్తే నాకే దిమ్మెక్కిపాయ."

నిద్రపుచ్చి, తలకు వైర్లు పెట్టి చేసే పరీక్ష ఇంకోటుంది. అందులోనూ చెవి నుంచి మెదడుకు ఏమీ చేరడం లేదని వచ్చింది. మునిరత్నం ఆ కాగితాన్ని తిప్పితిప్పి చూశాడు. "నిదరపొయ్యే బిడ్డికి సెవుల పరిచ్చ ఏంది సార్? నేను నిదరపోతే నాకూ ఇనపడదు. నాక్కూడా ఆపరేసన్ సేస్తారా?"

పుస్తకంలో జవాబుంది, కానీ అది ఆయనకు చెప్పే జవాబు కాదు.

ఇక్కడ తొందర ఏమిటంటే, ప్రభుత్వ పథకంలో ఈ ఆపరేషన్ ఉచితంగా చెయ్యడానికి వయసు హద్దు ఉంది. హేమ దానికి దగ్గరపడింది. పథకం సంగతి అలా ఉంచినా, మాట నేర్చుకునే వయసు ఎవరి కోసమూ ఆగదు. తన తండ్రి కాదంటే సుకన్య సంతకం పెట్టదు. మునిరత్నం కాదంటున్నాడు. ఆయన మొండితనంతో కాదంటున్నాడా, నిజంగా మాకు కనపడనిది ఏదైనా చూశాడా అన్నది నేను తేల్చాలి.

"తోటకి రాండి సార్, సూపిస్తా" అన్నాడు.

తోటలో

బస్సు దిగి వెళ్లేసరికి మునిరత్నం చెట్లకు నీళ్లు పెడుతూ మాట్లాడుతున్నాడు. ఎవరితోనో అనుకున్నాను. ఆయన దగ్గర నల్లకుక్క ఒక్కటే ఉంది. పేరు మణి.

"ఒరే మణీ, యాడ సచ్చినావు రా ఇంతసేపు? నీళ్లు ఆ పాదులోకి పోతా ఉండాయి, సూసినావా? నిన్న ఈడ గట్టు తెగింది. ఎవురు తెంపింది? ఎలక. నువ్వేం సేస్తా ఉంటివి? నిదరపోతా ఉంటివి. సిగ్గుండాదా? పా, మన్ను ఏద్దాం పా."

కుక్క సిగ్గుపడినట్టే తల వంచుకుంది. హేమ కుక్క పక్కనే కూర్చుని మట్టి ముద్దలు చేస్తోంది.

చిలకలను తోలడానికి ఆ తోటల్లో పాత నూనె డబ్బాలు కొడతారు. మునిరత్నం డబ్బా తీసుకుని హేమకు కనపడకుండా చెట్ల వెనక్కి పోయి కొట్టాడు. హేమ అటు తిరిగింది. ఇంకో వైపు నుంచి కొట్టాడు. ఇటు తిరిగింది. నేను నా సంచిలోని గిలక్కాయ తీసి, చాలా దూరం పోయి, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా ఊపాను. హేమ తిరిగి నన్ను చూసి నవ్వింది.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "పాపకు బంగారుపాళ్యంలో వినపడుతుంది. తిరుపతిలో వినపడదు."

ఈ మాటే ప్రభాకర్‌గారికి చెబితే, ఆయన కలం కింద పెట్టాడు. "అయితే ఆపరేషన్ పాపకా, మన ఆసుపత్రికా?"

ఆయనకు నేనిచ్చే జవాబు ఒకటే ఉంది. పరీక్ష మళ్లీ చెయ్యాలి. మునిరత్నానికి ఫోన్ చేసి చెప్పాను: "పాప తోటలో ఎట్లా ఉంటుందో, ఏమీ మార్చకుండా, అట్లాగే తీసుకురా."

ఈ పనిలో మాట జాగ్రత్తగా వాడాలి. మునిరత్నం పద్ధతైన మనిషి. ఏమీ మార్చకుండా తీసుకొచ్చాడు.

మణి వయసు అయిదు

గేటు దగ్గర గొడవ వినపడి వెళ్లాను. సుకన్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి ఉంది. మునిరత్నం ఒక చంకలో హేమను, ఇంకో చంకలో నూనె డబ్బాను పెట్టుకుని, మణిని తాడుతో పట్టుకుని, కావలి మనిషితో వాదిస్తున్నాడు.

"కుక్కను లోపలికి పంపేదానికి లేదు పెద్దాయనా!"

"ఎందుకు లేదు? సీటీ ఉండాది, సూడప్పా."

నిజంగానే ఉంది. కౌంటరులో రాయించాడు. పేరు: మణి. వయసు: అయిదు. మగ. ఏ బాధ అన్నచోట "తోడు" అని ఉంది. రాసినాయన తల ఎత్తి చూసి ఉండడు.

కావలి మనిషి ఆ చీటీని రెండుసార్లు చదివి, నా వైపు తిరిగి, "రూలు ప్రకారం కరెక్టుగానే ఉండాది సార్" అని దారి వదిలాడు.

గదిలో హేమను తల్లి ఒళ్లో కూర్చోబెట్టాం. మణి నేల మీద వాళ్లకు ఎదురుగా బుద్ధిగా కూర్చుంది. కుడివైపు ఒక స్పీకరు, ఎడమవైపు ఒకటి. నేను అద్దానికి బయట మిషను ముందున్నాను. మునిరత్నం నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

కుడివైపు శబ్దం పెట్టాను. హేమ కుడివైపు తిరిగింది. ఎడమవైపు పెట్టాను. ఎడమకు తిరిగింది. తగ్గించాను. తిరిగింది. ఇంకా తగ్గించాను. తిరిగింది. మనిషి చెవికి హద్దు అనుకునే చోటికి దించాను. అప్పుడూ తిరిగింది.

"సూడు సామీ" అన్నాడు మునిరత్నం, నా చెవిలోకి వంగి.

ప్రభాకర్‌గారు లోపలికొచ్చి గ్రాఫు చూశాడు. "ఈ పాపకు ఆపరేషన్ ఏంటయ్యా? నాకంటే బాగా వింటోంది. నాకే చేయించండి." ఇంతలో అద్దంలోంచి చూశాడు. "కుక్క ఎవరిది?"

"పేషెంటే సార్. చీటీ ఉంది" అన్నాను.

ఆయన కుక్క అన్న తరవాతే నేను పాప మొహం మీది నుంచి చూపు తీసి మణిని చూశాను. పరీక్ష చేసేవాడు పిల్ల మొహాన్నే చూడాలని నేర్పిస్తారు. ఇంతసేపూ అదే చేశాను. ఇప్పుడు మళ్లీ కుడివైపు శబ్దం పెట్టాను. మణి కుడిచెవి ముందుగా లేచింది. తరవాత తల తిరిగింది. ఆ తరవాత హేమ తిరిగింది. హేమ స్పీకరును వినడం లేదు. మణిని చూస్తోంది. మణి ఎటు చూస్తే అటు ఏదో ఉందని ఆ బిడ్డకు తెలుసు.

మునిరత్నానికి ఏమీ చెప్పలేదు. "మణిని కాసేపు బయట ఉంచుదామా?" అన్నాను. తీసుకుపోయి వరండాలో కట్టేసి, మళ్లీ నా వెనకకు వచ్చి నిలబడ్డాడు. శబ్దం పెట్టాను. పెంచాను. సుకన్య ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకునేంత పెంచాను. హేమ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

మునిరత్నం మణిని విప్పుకొచ్చి, తలుపు తీసుకుని తానే లోపలికి వెళ్లాడు. మణిని మళ్లీ ఎదురుగా కూర్చోబెట్టి, భుజం మీది తుండు తీసి దాని తల మీద, చెవులు కదిలినా కనపడకుండా, దళసరిగా కప్పాడు. నాకు చెయ్యి ఊపాడు. శబ్దం పెట్టాను. తుండు కింద ఏదో కదిలింది. హేమ ఆ తుండు వైపు ఆత్రంగా చూసింది. ఇప్పుడు ఎటు తిరగాలి అని అడుగుతున్నట్టు చూసింది.

ఆయన గదిలోనే నేల మీద చతికిలపడ్డాడు. "ఓరే మణీ" అన్నాడు.

"శిబిరానికి గూడా వీణ్ణి తీసకపోయినావు గదా నాయనా" అంది సుకన్య. "ఏడాదిగా నెత్తీనోరూ కొట్టుకుంటా ఉండా. నాకే పిచ్చి అంటిరి."

ఆయన కుక్క తల మీది తుండు తీసి, మడిచి, కూతురి చేతికిచ్చాడు. ఆమె దాంతో కళ్లు తుడుచుకుంది. అంతా కుక్క వెంట్రుకలే.

నిర్ణయం

ఇంప్లాంటు ఎవరికి పెట్టాలో మేం కొందరం కూర్చుని తేల్చేవాళ్లం. స్కాను బాగుంది, నరం బాగుంది. మునిరత్నం వల్ల ఎన్నో నెలలు పోయాయి కాబట్టి ప్రభాకర్‌గారికి ఆయన మీద కోపం. "ఆ ముసలాయన ఇంట్లో ఉంటే ఈ పాపకు మాటలెట్లా వస్తాయి? తల్లి ఉద్యోగం మానేసి కూర్చుంటానంటేనే పెడదాం" అన్నాడు.

నేను తోటలో విన్నది చెప్పాను. పిల్లలతో ఎలా మాట్లాడాలో తల్లిదండ్రులకు మనం నేర్పుతాం. చేస్తున్న పనిని చెబుతూ చెయ్యండి, ప్రశ్న అడగండి, జవాబు మీరే చెప్పండి, మళ్లీ చెప్పండి అంటాం. చదువుకున్నవాళ్లు కూడా సిగ్గుపడి రెండు రోజులకే మానేస్తారు. మునిరత్నం ఆ పని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు, అదీ ఒక్కసారి కూడా బదులు చెప్పని కుక్కతో.

"అంటే మనం ఇంప్లాంటు పెట్టేది ఆ కుక్క ట్రైనింగు చూసా?" అన్నాడు ప్రభాకర్‌గారు.

"అంతే సార్."

ఆయన మునిరత్నాన్ని లోపలికి పిలిపించి, "నీకేమైనా అనుమానాలుంటే ఇప్పుడే అడుగు పెద్దాయనా" అన్నాడు.

మునిరత్నం ఒక్కటే అడిగాడు. "ఆపరేసన్ అయినంక పాపకి మణి అక్కర లేదా సార్?"

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది ఆ బల్ల ముందు కూర్చున్నవాళ్లు అడిగిన ప్రశ్నల్లో అంత మంచిది ఇంకోటి లేదు. ఆ బిడ్డకు ఉన్న ఒకే ఒక చెవి మణి. మేం దాన్ని పక్కన పెట్టమనబోతున్నాం.

"పాఠం చెప్పే వేళ మాత్రం కనపడకుండా ఉండాలి. లేకపోతే పాప తన చెవిని వాడదు" అన్నాను.

"సరే. వానికి నేను సెప్పుకుంటాలే" అన్నాడు. ఆ తరవాతే సుకన్య సంతకం పెట్టింది.

మిషను పెట్టిన తరవాత

మిషను మొదటిసారి ఆన్ చేసిన రోజు బిడ్డ నవ్వుతుందని అందరూ కెమెరాలు పట్టుకుని నిలబడతారు. హేమ కెవ్వున ఏడ్చి, బిళ్లను తల మీది నుంచి పీకి విసిరేసింది. చాలామంది అలాగే చేస్తారు. కంగారు పడకండి.

నెలలు గడిచాయి. మునిరత్నం ఫోన్లు చేసేవాడు. "సార్, మిషను కనపళ్లేదు." ఇంకో గంటకు, "దొరికింది సార్. నూని డబ్బాకి అంటుకోనుండాది." ఇంకో రోజు, "పాప ఇంకా మణినే సూస్తాది సార్. వాణ్ణి పంపు షెడ్డులో కట్టేస్తే, షెడ్డునే సూస్తాది." చెబుతూనే ఉండమన్నాను. ఆయనకు ఆ సలహా అక్కర్లేదు. ఇప్పుడు కుక్కతో చెప్పే మాటలన్నీ హేమను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాడు. ఒక్క అక్షరం మార్చలేదు.

ఆ సంగతి తరవాత తెలిసింది. ఒక చెకప్‌కు వాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ప్రభాకర్‌గారు ఆపరేషన్లు ముగించుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. తలుపు చప్పుడుకు హేమ తిరిగింది, ఆయన్ను పైనుంచి కిందికి చూసి, గొంతు చించుకుని అంది:

"యాడ సచ్చినావు రా ఇంతసేపు?"

సుకన్య కుర్చీలోంచి లేచి బిడ్డ నోరు మూసింది. ప్రభాకర్‌గారు ఆ చెయ్యి తీసేయించి, "మళ్లీ అను తల్లీ" అన్నాడు. హేమ మళ్లీ అంది. "సిగ్గుండాదా?" అని కూడా కలిపింది. ఆయన మా అందరి వైపూ తిరిగి, "ఒక్క అక్షరం పోలేదు చూశారా!" అన్నాడు. ఆ వారమంతా వరండాలో కనపడినవాళ్లందరికీ, ఒక పాప తనను తిట్టిందని చెప్పుకుని తిరిగాడు.

ఆఖరి పరీక్ష

నేను రిటైరవడానికి కొద్దిరోజుల ముందు మునిరత్నం మళ్లీ వచ్చాడు. హేమ బడి సంచితో ఉంది. మణి కూడా వచ్చింది. మూతి నెరిసిపోయింది, నడక తగ్గింది. గేటు దగ్గర ఈసారి ఎవరూ ఆపలేదు.

"మణికి ఈ మద్దెన సరింగా ఇనపళ్లేదని తోటలో అందురూ అంటా ఉండారు సార్" అన్నాడు మునిరత్నం. "నేను ఒప్పుకోలా. మీరొక తూరి సూడండి. కావాలంటే వానిగ్గూడా ఆ మిషను పెట్టండి."

"పథకంలో కుక్కలు రావు తాతా" అంది హేమ.

"నువ్వు గమ్మునుండు మే."

పరీక్షే కదా అని గది తెరిచాను. హేమ మణి పక్కన నేల మీద కూర్చుని దాని మెడ చుట్టూ చెయ్యి వేసింది. నేను మిషను ముందు కూర్చున్నాను. మునిరత్నం ఎప్పట్లాగే నా వెనక నిలబడ్డాడు.

కుడివైపు మెల్లగా శబ్దం పెట్టాను. హేమ కుడివైపు తిరిగింది. మణి చెవి కదల్లేదు. అది హేమ మొహం చూసింది. చూసి, కుడివైపు తిరిగింది.

ఎడమవైపు పెట్టాను. హేమ తిరిగింది. మణి హేమను చూసి, తిరిగింది.

మునిరత్నం నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సూసినారా సార్? నేను సెప్పలా, వానికి ఇనపడతాదని!"

నేను మిషను ఆపి, అవునన్నాను.